కత్తి పిడికి ఎముక: దుప్పి కాలు వద్దు, బర్రె కాలు చాలు

తాడ్వాయి దగ్గరి ఊరి నుంచి మీరు అడిగిన ప్రశ్నలో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి కాబట్టి, ముందుగా దాన్ని నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. ఊరకుక్కలు తరిమి చంపిన దుప్పి ఒకటి మీ చేను గట్టున పడి ఉంటే, దాని కాళ్లు మోకాలి కింద కోసి, ఉప్పు పట్టించి దాచిపెట్టారు. జింక కాళ్లతో, ఎముకలతో కత్తి పిడులు తయారుచేసే విదేశీ వీడియోలు కొన్ని చూశారు. మీ తాత వాడిన కత్తికి పిడి విరిగి చాలా ఏళ్లయింది కనుక, ఆ ఎముకతో దానికి కొత్త పిడి వేయాలని మీ కోరిక. నేను వరంగల్‌లో 30 ఏళ్లుగా కత్తులు, కొడవళ్లు, గొడ్డళ్లు చేస్తున్నాను, మా బాపు కూడా ఇదే కొలిమి మీద బతికాడు. ఎముక పిడులు మాత్రం నేను సొంతంగా, ఎన్నో చెడగొట్టుకొని నేర్చుకున్న పని.

ముందు ఆ కాళ్ల సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం, వేటాడిన జంతువు మాత్రమే కాదు, చచ్చి కనబడిన అడవి జంతువు కూడా ప్రభుత్వ ఆస్తి కిందికే వస్తుంది. దాని కొమ్ము, ఎముక, తోలు, వాటితో తయారుచేసిన వస్తువు అన్నింటికీ అదే లెక్క వర్తిస్తుంది. అలాంటిది ఏ విధంగా చేతికి వచ్చినా 48 గంటల్లోగా దగ్గరి పోలీస్ స్టేషన్‌లోగాని, అధికారం ఉన్న అటవీ అధికారికిగాని తెలియజేయాలని ఆ సెక్షన్‌లోనే ఉంది. మీరు చంపలేదు, కుక్కలు చంపాయన్నది నిజమే కావచ్చు, కానీ ఉప్పు పట్టించిన దుప్పి కాళ్లు మీ ఇంట్లో దొరికిన రోజున ఆ మాట నమ్మించవలసిన భారం మీ మీదే పడుతుంది. గడువు దాటిందని భయపడి వాటిని పాతిపెట్టడమో వాగులో పారేయడమో చేయకండి. ఒక వకీలుతో మాట్లాడి, తెలిసిన పెద్దమనిషిని వెంటబెట్టుకొని అటవీ రేంజ్ ఆఫీసుకు వెళ్లి, జరిగింది జరిగినట్టు చెప్పి అప్పగించండి. అడవిలో రాలి దొరికిన కొమ్ముకు కూడా ఇదే వర్తిస్తుంది. నా దగ్గరికి దుప్పి కొమ్ము తెచ్చి పిడి వేయమన్నవాళ్లు ఏటా ఒకరిద్దరు ఉంటారు, ఎంత దగ్గరివాళ్లయినా నేను ఆ పని ముట్టుకోను.

మీరు చూసిన వీడియోల్లోది వేరే దేశపు పరిస్థితి. అమెరికాలో తెల్లతోక జింకను లైసెన్సుతో, నిర్ణయించిన రోజుల్లో వేటాడవచ్చు, అందుకని మాంసం తీసుకున్న తరువాత మిగిలిన కాళ్లు అక్కడివాళ్లకు వృథాగా పోయే సరుకు. మనకు ఆ దారి లేదు. ఇక వెంట్రుకలు, గిట్టలతో సహా కాలినే పిడిగా బిగించడం ఉందే, అది గోడకు తగిలించుకోవడానికి తప్ప పనికి వచ్చే వస్తువు కాదు. లోపల నరం, తోలు ఎండి ముడుచుకుపోతాయి, చెమట తగిలితే వాసన పడుతుంది, గిట్ట దగ్గర పట్టు కుదరదు. దుప్పి దొరికే దేశంలో ఉన్నా నేను అది చేసి ఉండేవాణ్ని కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తే, దుప్పి కాలి ఎముకలో మీరు కోరుకునే గుణాలన్నీ మన మేకలోనూ, బర్రెలోనూ ఉన్నాయి. వీటన్నింటిదీ రెండు గిట్టల జాతే, కాలి నిర్మాణం ఒక్కటే. మనం పశువు ముందుకాలికి మోకాలు అని పిలిచేది నిజానికి మన మణికట్టుకు సమానమైన కీలు. దాని కింద గిట్ట దాకా నిటారుగా ఉండే ఒంటి ఎముక మన అరచేతిలోని ఎముకల్లాంటివి రెండు కలిసి ఒక్కటైనది. మేక కాలు చేతికి తీసుకొని ఆ ఎముక ముందు భాగం మీద బొటనవేలు నిలువుగా జరిపి చూడండి, సన్నని గాడి ఒకటి తగులుతుంది. ఆ రెండు ఎముకలు అతుక్కున్న గుర్తు అదే. దుప్పి ఎముకతో చేసిన పిడి మీద అందంగా కనబడే గీత కూడా అదే గనుక, దానికోసం అడవిదాకా పోనక్కరలేదు.

కొమ్ముకూ ఎముకకూ తేడా తెలియక చెడిపోయే పని ఎక్కువ కాబట్టి ఇక్కడొక మాట చెప్పాలి. దుప్పి, కణుజుల (సాంబార్ జింకల) కొమ్ములు ఏటేటా రాలి మళ్లీ మొలుస్తాయి, అవి నిండా ఎముకే. మేక, బర్రె, కృష్ణజింక, మనుబోతు (నీల్‌గాయ్) కొమ్ములు రాలవు. వాటిలో లోపల ఎముక, పైన మన గోరులాంటి పదార్థంతో చేసిన తొడుగు ఉంటాయి. ఆ తొడుగు వేడికి మెత్తబడి వంగుతుంది, ఎముక వంగదు, పగులుతుంది. ఒకప్పుడు ఇంగ్లండులోని షెఫీల్డ్ కత్తుల తయారీదారులు మన దేశపు కణుజు కొమ్మును ఓడల్లో తెప్పించుకొని పిడులకు వాడేవారు. అదే కాలంలో ఖరీదు తక్కువ చాకులకు పశువుల కాలి ఎముకనే తీసుకొని, పైన గాట్లు చెక్కి, గోధుమరంగు వేసి కొమ్ములా కనబడేట్టు చేసేవారు. అంటే కొమ్ము దొరికే రోజుల్లో కూడా పశువు ఎముకతో పని జరిగిపోయిందన్నమాట.

మీ తాత కత్తికి ఏ ఎముక తీసుకోవాలన్నది దాని నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. పిడిలోకి దిగే సన్నని ఇనుప భాగాన్ని మేము తోక అని పిలుచుకుంటాం. తోక సన్నగా, మొనదేలి ఉంటే గొట్టంలాంటి ఎముకలో దించి బిగించాలి. తోక పిడి ఆకారంలోనే వెడల్పుగా ఉంటే రెండు పక్కలా ఎముక పలకలు పెట్టి రివిట్లు కొట్టాలి. మేక కాలి ఎముక నాలుగైదు అంగుళాల పొడవు, మన చూపుడువేలి కన్నా కొంచెం లావు ఉంటుంది కనుక ఉల్లిగడ్డ కోసే చిన్న కత్తికి సరిపోతుందిగాని, చేనులో వాడే కత్తికి పిడికిట నిలవదు. బర్రె లేదా దున్నపోతు కాలి ఎముక ఏడెనిమిది అంగుళాలు వస్తుంది, గోడ మందం కూడా దండిగా ఉంటుంది, కాబట్టి అటు గొట్టంగానూ ఇటు పలకలుగానూ పనికొస్తుంది. అది పూర్తి గుండ్రంగా కాక ఒక పక్క చదునుగా ఉండటం వల్ల చేతిలో తిరిగిపోదు. మీకు నా సలహా బర్రె ఎముకే. ఆవు ఎముక జోలికి మాత్రం పోకండి, మన రాష్ట్రంలో 1977 నాటి గోవధ నిషేధ చట్టం ఉంది. అది ఎక్కడిదని అడిగితే సమాధానం చెప్పుకోలేని సరుకును ఇంట్లోకి తేవడం ఎందుకు?

ఎముకను అనుమతి ఉన్న కబేళా నుంచి వచ్చిన మాంసం దుకాణంలోనే తీసుకోండి. చెరువుగట్టు మీదా, పొలాల్లోనూ ఎండిపోయి తెల్లగా పడి ఉన్న బొక్కలు చూడటానికి తయారైన సరుకులా ఉంటాయి, కానీ రెండు కారణాల వల్ల అవి వద్దు. ఒకటి, ఎండకూ వానకూ తేలి పైపొర పొలుసులుగా లేచి ఉంటుంది, సాన పెట్టినకొద్దీ రాలుతుంది. రెండోది ప్రాణానికి సంబంధించినది. ఆ పశువు దేనితో చచ్చిందో మనకు తెలియదు. దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్, సోకి చచ్చిన పశువు నుంచి వచ్చే సూక్ష్మబీజాలు మట్టిలో దశాబ్దాల పాటు చావకుండా ఉంటాయి, ఎముకను రాసే పొడితో అవి ఊపిరితిత్తుల్లోకి పోగలవు. ఈ రోగం మనకు దూరపు మాటేమీ కాదు, 2021లో వరంగల్ జిల్లా దుగ్గొండి మండలంలోనే గొర్రెలకు సోకింది. మీరు ఆ దుప్పి కాళ్లు వట్టిచేతులతో కోశారని రాశారు గనుక, చేతి మీద నల్లటి పక్కు కట్టిన పుండుగాని, జ్వరంగాని కనబడితే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించి, ఆ సంగతి దాచకుండా చెప్పండి.

మేక కాళ్లు తీసుకునేటట్టయితే కాల్చనివి అడగండి. మన మటన్ దుకాణాల్లో వెంట్రుకలు పోవడానికి గ్యాసు మంటతో కాళ్లు కాల్చి ఇస్తారు, ఆ మంట తగిలిన చోట ఎముక పైపొరలో కంటికి కనబడని నెర్రెలు పడి, నెల తరువాత పిడి మీద వెంట్రుకవాసి గీతలుగా బయటపడతాయి. ముదురు జంతువు కాలే అడగాలి. లేత జంతువుకు ఎముక చివర ఉండే గుబ్బ ఇంకా కలిసిపోయి ఉండదు, వేలితో తిప్పితే ఊడి వస్తుంది. ఆ ఎముక పలచన, పిడికి పనికిరాదు.

ఇక శుభ్రం చేయడం. ఎముక పిడి మంచిచెడ్డలు తొంభై వంతులు ఇక్కడే తేలిపోతాయి, అందుకే దీని గురించి ఎక్కువ రాస్తున్నాను. ఎముక బరువులో దాదాపు మూడింట రెండు వంతులు ఖనిజం, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కొల్లాజెన్ అనే మాంసకృత్తి. మట్టిగోడకు వరిగడ్డి కలిపినట్టు, ఖనిజం బిరుసునిస్తే కొల్లాజెన్ దాన్ని పట్టి ఉంచుతుంది. పాయ వండినప్పుడు చారు చిక్కబడి, చల్లారాక గడ్డకట్టేది ఈ కొల్లాజెన్ నీళ్లలోకి దిగడం వల్లనే. అంటే పాయ ఎంత బాగా కుదిరితే ఎముక అంత పాడైనట్టు లెక్క. ఇంట్లో వండుకొని తిన్న తరువాత మిగిలిన మూలుగ బొక్కలతో పిడి చేద్దామనుకునేవాళ్లకు ఈ ఒక్క కారణం చాలు.

నేను మొదట్లో ఈ తప్పే చేశాను. త్వరగా అవుతుందని బర్రె ఎముక ముక్కలను కుక్కర్‌లో పెట్టి ఆరు విజిళ్లు రానిచ్చాను. ముక్కలు ముత్యాల్లా తెల్లగా వచ్చాయి, రంపానికి వెన్నలా తెగాయి, నాకు చాలా సంతోషమైంది. ఆ కత్తి మూడు నెలలు కూడా తిరగలేదు. రివిట్ దగ్గర మొదలైన చీలిక పిడి పొడవునా పాకి, గోటితో గీకితే సుద్దలా పొడి రాలింది. అది చూసి భయపడి, తరువాతి దాన్ని అసలు ఉడకబెట్టకుండా పైపైన కడిగి బిగించాను. చలికాలమంతా బాగానే ఉంది. ఏప్రిల్ ఎండలకు లోపలి కొవ్వు కరిగి పిడి మీద పసుపుపచ్చ మరకలుగా దిగింది. నర్సంపేట నుంచి కొనుక్కున్న ఆయన ఒకరోజు దాన్ని ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టాడు. కవర్ విప్పితే పిడి నిండా ఎర్రచీమలు. ఆయన ఏమీ అనలేదు, డబ్బులు తిరిగి అడగలేదు, చీమల వంకా నా వంకా చూసి నవ్వాడంతే.

ఆ రెండు దెబ్బల తరువాత నేను పాటిస్తున్న పద్ధతి ఇది. ఎముకకు అంటుకున్న నరం, పొర చాకుతో గీకేసి, రెండు చివరల గుబ్బలూ రంపంతో కోసేయాలి. మూలుగ ఉండే బోలు రెండు వైపులా తెరుచుకుంటుంది, సైకిల్ ఊచ చివర గుడ్డపేలిక చుట్టి మూలుగంతా తోసేయవచ్చు. రెండు రోజులు చల్లటి నీళ్లలో, పూటకోసారి నీళ్లు మారుస్తూ నానబెడితే నెత్తురు దిగిపోతుంది. తరువాత పొయ్యి మీద వేడి చేయాలి కాని మరగనీయకూడదు. అడుగున చిన్న బుడగలు మొదలవగానే మంట తగ్గించి, వేలు పెడితే ఒక్క క్షణం ఓర్చుకోగలిగినంత వేడిలో రెండు మూడు గంటలు ఉంచితే చాలు, మిగిలిన పొర ఊడివస్తుంది. ఆ మీదట 5 లీటర్ల బకెట్‌లో గోరువెచ్చని నీళ్లు పోసి, గిన్నెలు తోమే సబ్బుద్రవం రెండు చెంచాలు కలిపి ఎముకను ముంచి పెట్టండి. మూడు రోజులకోసారి నీళ్లు మారుస్తున్నప్పుడు పైన తేలే నూనె తెట్టును గమనించండి. మేక ఎముకకు రెండు వారాలు, బర్రె ఎముకకు నెల కూడా పట్టవచ్చు. తెట్టు కట్టడం ఆగినప్పుడే ఆపాలిగాని, క్యాలెండర్ చూసి కాదు. కొంచెం ఖర్చు పెట్టగలిగితే, ఎముకను బాగా ఆరబెట్టి, మూత ఉన్న గాజు సీసాలో అసిటోన్ పోసి మూడు రోజులు ముంచితే లోపల దాగిన కొవ్వు కూడా వచ్చేస్తుంది. ఆ పని ఇంటి బయట, నిప్పుకు దూరంగా చేయాలి. పెట్రోలు, కిరోసిన్‌తో ఇదే పని చేసేవాళ్లున్నారు. ఆ వాసన ఎముకలో ఏడాదైనా పోదు, కూరగాయలు కోసే కత్తికి అది తగదు.

తెలుపు కావాలంటే మందుల దుకాణంలో దొరికే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ఒక రోజు ఉంచండి. వాయువు వెలువడుతుంది కాబట్టి మూత బిగించకూడదు. బ్లీచింగ్ పౌడర్ మాత్రం వాడకండి. అది రంగుతో పాటు కొల్లాజెన్‌ను కూడా తినేస్తుంది, కుక్కర్ చేసిన నష్టమే అదీ చేస్తుంది.

ఆరబెట్టడానికి నీడ కావాలి. మన దగ్గర మే నెలలో 45 డిగ్రీల వడగాలికి తలుపు చెక్కలే పగులుతాయి, తడి ఎముక నిలుస్తుందా? వానాకాలంలో ఆరదు, బూజు పడుతుంది. దీపావళి దాటిన తరువాత పొడి చలి మొదలైనప్పుడు ఇంట్లో గాలి ఆడే చోట, గోడకు తగలకుండా దారంతో వేలాడదీస్తే నాలుగు వారాల్లో తయారవుతుంది. వంటింటి తక్కెడ మీద వారానికోసారి తూచి చీటీ మీద రాసుకోండి. వరుసగా రెండు వారాలు ఒకే బరువు చూపిస్తే తడి పోయినట్టు. బాగా ఆరిన ఎముకను ఇంకో ఎముకతో తడితే పింగాణీ గిన్నెలా గణగణమంటుంది. తడి ఉన్నది చెక్కలా మూగగా పలుకుతుంది.

ఇంతకాలం ఓపిక లేకపోతే కొనుక్కునే దారి కూడా ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని సంభల్ పట్టణం కొమ్ము, ఎముక పనికి పేరుపొందిన ఊరు, అక్కడ శుభ్రం చేసి కోసిన బర్రె ఎముక పలకలు దొరుకుతాయి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఏ జంతువు ఎముకో రాసి ఉన్న బిల్లు అడిగి తీసుకొని దాచుకోండి.

కోత గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. సన్నపళ్ల హాక్సా బ్లేడు, ఆకురాయి, ఎమరీ కాగితం ఉంటే సరిపోతుంది. గ్రైండర్‌తో చేస్తే ఎముక కాలి, వెంట్రుకలు కాలినప్పటి వాసన వస్తుంది, ఆ వాసన వచ్చిందంటే అక్కడ కొల్లాజెన్ పోయిందని గుర్తు. చేతి పనే మంచిది. ఏ పని చేసినా ఎముకను తడుపుతూ ఉండండి, ఎన్-95 మాస్కు పెట్టుకోండి. ఎముక పొడి బియ్యప్పిండి కన్నా సన్నం, అది కంటికి కనబడకుండా గాలిలో చాలాసేపు తేలుతుంది. పిల్లలున్న ఇంట్లో గది మూసి ఈ పని చేయకూడదు.

పలకలు వేసే పద్ధతిలో 5 మిల్లీమీటర్ల మందం చాలు. గాజు పలక మీద ఎమరీ కాగితం అతికించి, ఎముక లోపలి ముఖాన్ని దాని మీద రాస్తే చదును వస్తుంది. మూలుగ వైపు జల్లెడలా చిన్న రంధ్రాలుంటాయి, ఆ పొర పూర్తిగా పోయేదాకా రాయాలి. అక్కడక్కడా మిగిలినవాటిలో ఫెవిక్విక్ చుక్కలు వేస్తే పీల్చుకొని గట్టిపడతాయి. ఎముకకూ ఇనుముకూ మధ్య పలుచని తోలు ముక్క పెట్టడం నా అలవాటు. ఎముక వానాకాలం రవ్వంత ఉబ్బుతుంది, ఎండాకాలం రవ్వంత ముడుచుకుంటుంది, ఇనుము ఆ లెక్కన కదలదు, ఆ తేడాను తోలు భరిస్తుంది. రివిట్ రంధ్రం రివిట్ కన్నా వెంట్రుకవాసి పెద్దగా ఉండాలి. డ్రిల్ నెమ్మదిగా, కింద చెక్క ఆనించి దించండి. ఇక సుత్తి దెబ్బ విషయంలో కొలిమి అలవాటును మరిచిపోవాలి. మేము కొడవలికి కొట్టినట్టు కొడితే ఎముక పొడవునా చీలుతుంది. ఇత్తడి రివిట్‌ను అరల్డైట్ జిగురుతో అతికించి, తలను గోరంత సుత్తితో తట్టీ తట్టనట్టు తట్టాలి.

మీ తాత కత్తి మీరు రాసినదాన్నిబట్టి సన్న తోక రకమే అనిపిస్తోంది. దాని తోకకు నల్లగా, గాజు పెంకులా పగిలే పదార్థం ఏదైనా అంటుకొని ఉంటే అది లక్క. పాతకాలంలో లక్కలో ఇటుకపొడి కలిపి, వేడి చేసి పిడిలో నింపి, కాగిన తోకను దాంట్లోకి దించేవారు. అది గట్టిగానే నిలుస్తుంది, వేడినీళ్లకు మాత్రం మెత్తబడుతుంది. దాన్ని తీయడానికి తోకను నేరుగా మంటలో పెట్టకండి. అలుగు, అంటే కత్తి కోసే భాగం, వైపు తడిగుడ్డ చుట్టి, తోక చివర మాత్రమే వెచ్చచేస్తే లక్క మెత్తబడి ఊడివస్తుంది. అలుగు కాలితే పదును నిలిపే గట్టిదనం పోతుంది, అది తిరిగి తేవాలంటే మళ్లీ కొలిమిలో ఎర్రగా కాల్చి, ముంచి చల్లార్చి నీరు పట్టవలసిందే. తుప్పు గీకేటప్పుడు కూడా చేతి వాటం తగ్గించుకోండి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు ఒకప్పుడు పరదేశాల కత్తులకు పోయిన నేల మనది. తాతల నాటి ఇనుము ప్రతిదీ అలాంటిదని నేననను, కాని చూడకుండా గ్రైండర్ పెట్టి అరగదీయడం మాత్రం తప్పు.

కొత్త పిడికి నేను లక్క వాడమనను. నెమ్మదిగా గట్టిపడే రకం అరల్డైట్ తీసుకొని, మీ ఎముక పొడినే కొంచెం కలిపితే రంగు కూడా కలిసిపోతుంది. తోక అంచుల మీద ఆకురాయితో అటు నాలుగు, ఇటు నాలుగు గాట్లు పెట్టండి, జిగురు వాటిలో దిగి పట్టుకుంటుంది. ఎముక అడుగు చివరను చెక్కబిరడాతో మూసి, ఇసుక నింపిన డబ్బాలో నిలువుగా గుచ్చి, జిగురు సగం దాకా పోసి, తోకను మెల్లగా దించండి. లోపలి గాలి బుడగలుగా పైకి వస్తుంది, అవి ఆగేదాకా తోకను కొంచెం కొంచెం ఆడించాలి. అలుగు వంకర లేకుండా పైనుంచి ఒక కన్ను మూసి చూసి, కదలకుండా ఒక రోజు వదిలేయండి.

అలుగూ ఎముకా కలిసే చోట పొన్ను, అంటే అంచు చుట్టూ తొడిగే లోహపు కట్టు, వేయకపోతే మిగతా శ్రమంతా వృథా. రోకలికి పొన్ను ఎందుకో దీనికీ అందుకే. చీలిక ఎప్పుడూ ఆ అంచు నుంచే మొదలవుతుంది. మనకు జనగామ పక్కనే పెంబర్తి ఉంది, ఇత్తడి రేకు పనికి ఆ ఊరు పెట్టింది పేరు. ఒక మిల్లీమీటరు మందం ఇత్తడి రేకును ఎముక అంచు కొలతకు చుట్టి, అతుకు వేయించుకొని తొడిగితే అందానికి అందం, బలానికి బలం. పొన్ను బిగుతుగా కూర్చోవాలని సుత్తితో దిగ్గొట్టకండి. ఎముకనే ఆకురాయితో కొంచెం కొంచెం తగ్గిస్తూ, చేత్తో నొక్కితే కూర్చునేదాకా సరిచేసుకోవాలి.

మెరుగు పెట్టడానికి 120తో మొదలుపెట్టి 220, 400, 600, 1000 నంబర్ల ఎమరీ కాగితం తడిపి వాడండి. మధ్యలో ఒక నంబరు దాటేస్తే ఆ గీతలు రంగు వేసిన తరువాత బయటపడతాయి. చివరకు పాత నూలుగుడ్డ మీద తడి సుద్దపొడి వేసి రుద్దితే ఏనుగు దంతంలా నునుపు తేలుతుంది. రంగు ఇష్టముంటే చిక్కటి చాయ డికాక్షన్‌లో రెండు రోజులు ఉంచితే తేనెరంగు వస్తుంది. పొటాషియం పర్మాంగనేట్ నీళ్లలో కొన్ని నిమిషాలకే కొమ్ములాంటి ముదురు గోధుమరంగు పడుతుంది. రంగు వేయడం పిడి బిగించక ముందే చేసుకోవాలి, లేకపోతే పొన్ను నల్లబడుతుంది. నాకైతే రంగు లేని ఎముకే ఇష్టం, ఏళ్లు గడిచినకొద్దీ చేతి చమురు పట్టి దానంతటదే పసుపు తిరుగుతుంది. ఆఖరున తేనెమైనం కొంచెం వెచ్చచేసి పట్టించి తుడిచేయండి.

వాడకంలో వేడినీళ్లలో నానబెట్టకపోవడం, కడగగానే తుడవడం, ఏడాదికి రెండుసార్లు మైనం పట్టించడం సరిపోతుంది. కారు డ్యాష్‌బోర్డు మీద ఎండలో వదిలేసిన కత్తి ఒకటి నా దగ్గరికి పిడి రెండుగా విడిపోయి వచ్చింది, దానికి చేయగలిగిందేమీ లేకపోయింది.

ఇంకొక సంగతి, అలుగు 9 అంగుళాల పొడవుగాని 2 అంగుళాల వెడల్పుగాని దాటితే, అది ఇంటి పనికో సేద్యానికో వాడే కత్తి కానప్పుడు ఆయుధాల నిబంధనల కిందికి వస్తుంది. మీ తాతది చేను కత్తి అంటున్నారు కనుక ఇబ్బంది ఉండకపోవచ్చు, అయినా కొలిచి చూసుకోండి. అప్పుడే తోక పొడవు, అలుగుతో కలిసే చోట దాని వెడల్పు, మందం కూడా మిల్లీమీటర్లలో కొలిచి, మొదలు నుంచి చివరిదాకా అది సమానంగా ఉందో సన్నబడుతూ పోయిందో రాయండి. ఎముక బోలు ఎంత ఉండాలో, ముందుకాలి ఎముక తీసుకోవాలో వెనుకకాలిది తీసుకోవాలో అది చూసి చెబుతాను. ఈలోగా ఒక కాల్చని మేక కాలితో సబ్బునీళ్ల పని మొదలుపెట్టి ఉంచండి.